మొదటి ఆకు

మా అన్నయ్య తిని తిని పోయాడని ఊళ్ళో అంటారు. నా ఎదురుగా ఎవరూ అనలేదు. అనే ధైర్యం ఇంకా ఎవరికీ రాలేదు. కానీ నా వెనక అంటారని నాకు తెలుసు. మా అన్నయ్య తిండిపోతు కాదు. ఇంట్లో ఆయన భోజనం చూసి వదిన పిచ్చుక కూడా ఇంతకంటే ఎక్కువ తింటుందనేది. ఆ మాట ఒకచోట రాసి ఉండాలని ఇది రాస్తున్నాను.

మాది మండపేట దగ్గర కాలవ మీద ఊరు. తాతగారి రోజుల్లో కాలవకి అటూ ఇటూ కంటికి ఆనినంత మేర మాదే. మండపేటలో బియ్యం మిల్లు ఉండేది. అవన్నీ ఎలా పోయాయో ఇక్కడ చెప్పను. పోయినవాటి గురించి పదిమందిలో మాట్లాడటం మా ఇంటా వంటా లేదు. నాకూ అన్నయ్యకూ బుద్ధి తెలిసేసరికి మిగిలినవి ఒక పెంకుటిల్లు, పెరట్లో కొబ్బరితోట, కొద్దిపాటి మాగాణి, ఒక పాత అంబాసిడరు కారు. వాటితో పాటు మొదటి ఆకు.

మొదటి ఆకు అంటే ఏమిటో ఇప్పటివాళ్ళకి చెప్పాలి. మా చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరింట పెళ్ళి జరిగినా, గృహప్రవేశమైనా, చావు తరవాత పెద్దకర్మ అయినా, మొదటి బంతిలో మొదట వేసిన ఆకు మా ఇంటి పెద్దది. అన్ని ఆకుల్లోనూ అన్నీ పడి, ఆఖర్న నెయ్యి పడేదాకా ఎవరూ అన్నంలో చెయ్యి పెట్టరు. మా ఇంటి పెద్ద వరస చివరిదాకా చూసి, "అందరికీ నెయ్యి పడిందా?" అని అడిగి, "కానివ్వండి" అని తను చెయ్యి కలిపితే అప్పుడు బంతి మొదలవుతుంది. లేవడమూ అంతే. ఆయన లేచేదాకా ఎవరూ లేవరు. ఆయన లేస్తే ఎవరూ కూర్చోరు, నోటి దగ్గర ముద్ద ఉన్నా వదిలేసి లేవాలి. అందుకని వరసలో ఆఖరి ముసలాయన పెరుగన్నం ముగించేదాకా మొదటి ఆకు ముందున్న మనిషి చెయ్యి ఆడుతూనే ఉండాలి. చెయ్యి ఆగితే పక్కవాళ్ళు మొహమాటపడి ఆపేస్తారు. ఆకు ఖాళీ అయితే వడ్డన మళ్ళీ వచ్చి పడుతుంది.

మా నాన్నగారికి చక్కెర జబ్బు. చివరి రోజుల్లో చూపు పూర్తిగా పోయింది. అయినా మొదటి ఆకు వదల్లేదు. అన్నయ్య పక్కన కూర్చుని, ఆకులో ఏది ఎక్కడ ఉందో, బంతిలో ఇంకా ఎవరు తింటున్నారో చెవిలో చెబుతూ ఉండేవాడు. నాన్నగారు కళ్ళు కనబడుతున్నట్టే వరస వైపు తల తిప్పి "కానివ్వండి" అనేవారు. ఆయన పోయాక ఆ ఆకు అన్నయ్యకి వచ్చింది.

తొంభైల మొదట్లో, అన్నయ్యకి నలభై దాటిన కొత్తల్లో, ఒళ్ళు తూలుతోందని వదిన పట్టుబట్టి రాజమండ్రి తీసుకెళ్ళింది. కారు అన్నయ్యే నడిపాడు. వెనక సీట్లో నేను. అక్కడ చూసిన డాక్టరుగారు ఒక లేడీ డాక్టరు, కాకినాడ ఆవిడ, చిన్న వయసు. రక్తం పరీక్ష చూసి మందు రాయకుండా కుర్చీ ముందుకు లాక్కుని మాట్లాడటం మొదలుపెట్టింది.

"మీకు షుగరు ఇంకా రాలేదండి. గుమ్మం దాకా వచ్చి నిలబడింది. లోపలికి రానివ్వడమా, పంపించెయ్యడమా అన్నది మీ చేతుల్లో ఉంది."

"గుమ్మం దాకా వచ్చినవాళ్ళని వెనక్కి పంపే అలవాటు మాకు లేదమ్మా," అన్నాడు అన్నయ్య.

ఆవిడ నవ్వలేదు. "మీ నాన్నగారికి ఉండేదా?" అని అడిగింది.

అన్నయ్య గోడ మీద కాలెండరు చూశాడు. వదినే చెప్పింది, నాన్నగారి కళ్ళ సంగతీ, పోయిన తీరూ. డాక్టరుగారు అంతా విని, రోజూ నడవమంది. అన్నం తగ్గించి కూర పెంచమంది. రాత్రిపూట చపాతీ తినమంది. పెళ్ళిభోజనాలు పూర్తిగా మానెయ్యమంది.

"అది మటుకు కుదరదు."

"ఏం, మీరు తినకపోతే పెళ్ళి ఆగిపోతుందా అండీ?"

"పెళ్ళి ఆగదమ్మా. బంతి ఆగుతుంది."

ఆవిడకి అర్థం కాలేదు. అన్నయ్య మొదటి ఆకు సంగతి ఓపిగ్గా చెప్పాడు. బయట ఇంకా చాలామంది రోగులు కూర్చుని ఉన్నా ఆవిడ తొందరపడకుండా విన్నది. చివరికి ఇలా అన్నది: "అయితే ఒక పని చెయ్యండి. ఆకు ముందు కూర్చోండి. చెయ్యి కూడా కలపండి. కలిపేముందు అందరికీ వినబడేలా చెప్పెయ్యండి, నాకు షుగరు వచ్చేలా ఉంది, నేను తినను, మీరు కానివ్వండి అని. ఒక్క మాటండి. ఒక్కసారి చెబితే చాలు, ఇంక మిమ్మల్ని ఎవరూ బలవంతం చెయ్యరు."

అన్నయ్య దణ్ణం పెట్టి లేచాడు. కారు కడియం పూలతోటలు దాటింది. ఆ తరవాత అన్నయ్య రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు: "పొలాలు పోయాయి. మిల్లు పోయింది. ఇప్పుడు ఒళ్ళు కూడా పోయిందని బంతిలో కూర్చుని చెప్పుకోవాలిట. మన ముగ్గురికీ తప్ప ఈ మాట నాలుగో మనిషికి తెలియకూడదు."

మేం ఇద్దరం సరేనన్నాం. మా ఇంట్లో పెద్దవాడు చెప్పిన మాటకి ఎదురు ఉండదు.

ఆ ఒక్కటీ తప్ప డాక్టరుగారు చెప్పినవన్నీ అన్నయ్య మొదలుపెట్టాడు. అప్పట్లో మా ఊళ్ళో రాత్రి పూట చపాతీలు కాలుస్తున్నారంటే ఆ ఇంట్లో ఎవరికో షుగరు ఉన్నట్టే లెక్క. వాసన వీధిలోకి వెళ్తుందని వదిన వంటింటి కిటికీ మూసి కాల్చేది. పక్కింటావిడ ఒకరోజు గోడ మీంచి అడగనే అడిగింది.

"ఏంటండోయ్, రోజూ చపాతీలేనా? ఎవరికండీ?"

"మా మరిదికండీ. ఉత్తరాది తిండి మరిగాడు," అన్నది వదిన. అప్పట్నుంచి ఆ వీధిలో ఆడవాళ్ళు నన్ను జాలిగా చూసేవారు.

నడక మరీ కష్టమైంది. మా ఇంటివాళ్ళు రోడ్డు మీద నడవడం ఊరికి అలవాటు లేదు. పొద్దున్నే అన్నయ్య మడత నలగని పంచె కట్టుకుని కాలవ గట్టెక్కితే చాలు, వచ్చే ప్రతి స్కూటరూ ఆగేది.

"పెదబాబుగారూ! నడిచెళ్తున్నారేంటండీ? కారు పాడైందాండీ? ఎక్కండెక్కండి."

"పర్లేదయ్యా, ఊరికే అలా..."

"ఊరికే ఎందుకండీ, నేనటే వెళ్తన్నాను. మిమ్మల్ని నడిపించి నేను బండి మీదెళ్తే మా నాన్న చంపేత్తాడండి."

నడకకని వెళ్ళిన మనిషి క్షణాల్లో ఎవరిదో స్కూటరు వెనక కూర్చుని తిరిగొచ్చేవాడు. వదిన చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. చివరికి అన్నయ్య పెరట్లో కొబ్బరితోటలో నడవడం పెట్టుకున్నాడు. చెట్ల మధ్య ఆయన పాదాలకి ఒక బాట పడింది. గడ్డి మొలవని ఆ చార చాలాకాలం ఉంది.

ఆ ఏడు మూఢం వచ్చింది. మూఢమంటే ముహూర్తాలు ఉండని రోజులు. గురువుది పోయిందనుకునేలోగా శుక్రుడిది వచ్చింది, ఆ వెనకే పుష్యమాసం. ఎవరింటా పెళ్ళి లేదు. మళ్ళీ రాజమండ్రి వెళ్ళేసరికి డాక్టరుగారు కాగితం చూసి మొదటిసారి నవ్వింది. "బాగా తగ్గిందండి. గుమ్మం దిగి వెళ్ళిపోతోంది. ఏం చేశారు?"

"మూఢం వచ్చిందమ్మా."

"అయితే మీకు మూఢమే మందండీ."

"పంతులుగారికి చెప్పి పంచాంగం నిండా మూఢమే వేయించుకుంటాను," అన్నాడు అన్నయ్య. అందరం నవ్వాం. తిరిగి వచ్చేటప్పుడు కడియంలో కారు ఆపి వదినకి గులాబీ అంటు కొన్నాడు. మా ఇంట్లో మళ్ళీ అంత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్న రోజు నాకు గుర్తులేదు.

మాఘమాసం వచ్చింది. మూఢంలో ఆగిన పెళ్ళిళ్ళన్నీ ఒక్కసారి పడ్డాయి. ఒకే పూట రెండేసి ఊళ్ళలో పిలుపులు. డాక్టరుగారి సలహా మీద వదిన ఒక ఉపాయం చేసింది. కడుపు నిండా కూరా మజ్జిగా పెట్టి పంపిస్తే అక్కడ ఆకలి ఉండదు, తక్కువ తింటారని. ఆకలి లేకపోవడం నిజమే. కానీ ఆకలికీ మొదటి ఆకుకీ సంబంధం లేదు. అన్నయ్య ఆ రోజుల్లో రెండు భోజనాలు చేశాడు.

మా వైపు పూర్ణం బూరె వడ్డించి ఊరుకోరు. నడుమ బొటనవేలితో గుంట చేసి నెయ్యి పోస్తారు. అన్నయ్య ఆకు మీద చెయ్యి అడ్డం పెడితే వడ్డించేవాళ్ళు చెయ్యి పక్కనుంచి పోసేవారు.

"చాలయ్యా, చాలు."

"తవరు చాలంటే ఎలాగండీ? అదిగో, పెళ్ళికూతురి నాన్న మొహం చూడండి ఎలా వాడిపోయిందో."

"వాడిపోతే నీళ్ళు చల్లండి."

బంతంతా నవ్వేది. ఆ నవ్వులో ఇంకో బూరె పడేది. తరవాత వరసలో ఎవరో పళ్ళులేని ముసలాయన నెమ్మదిగా తింటుంటే, ఆయన ముగించేదాకా అన్నయ్య కొంచెం కొంచెం చిదిమి నోట్లో వేసుకుంటూ ఉండేవాడు. పక్కన కూర్చున్న నాకు తెలుసు ఒక్కొక్క ముద్దా ఎంత బలవంతాన దిగుతోందో.

ఎండాకాలం ముందు వెళ్తే డాక్టరుగారు నవ్వలేదు, కోప్పడనూ లేదు. "లోపలికి వచ్చేసిందండి," అన్నది.

మాత్రలు మొదలయ్యాయి. వదిన ఒక రాత్రి నన్ను పిలిచి, "నాయనా, ఈసారి మీరు కూర్చోండి. మీ అన్నయ్యగారికి జ్వరమని చెప్పండి," అన్నది. అన్నయ్య కూడా కాదనలేదు. తాతగారి నాటి నుంచి మా పొలం కౌలుకి చేసిన ఒక రైతు ఉండేవాడు. ఆ కౌలురైతు పెద్ద కూతురి పెళ్ళికి నేను వెళ్ళాను. మొదటి ఆకు ముందు కూర్చున్నాను, "కానివ్వండి" అన్నాను, అంతా సవ్యంగానే జరిగింది.

సాయంత్రం ఆ రైతు పెద్ద కారియరు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అరుగు కింద నిలబడ్డాడు, ఎక్కి రమ్మన్నా రాలేదు. అన్నయ్య బయటికి వచ్చాడు. జ్వరం మొహం కాదది. రైతు చూశాడు.

"జొరం తగ్గిందాండీ, బాబూ?"

"తగ్గిందయ్యా."

"ఆయ్. తగ్గితే చాలండి. మా ఇంట్లో ఆడోళ్ళు ఏడుత్తున్నారండి. మిల్లు ఓనరుగారింటి పెళ్ళికి మొన్న వెళ్ళారు కదా బాబుగారు, మనం చిన్నోళ్ళమని రాలేదేమోనని. నేనే కసిరాను, బాబుగారు అలాంటోళ్ళు కాదే అని." కారియరు అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

అన్నయ్య అక్కడే కూర్చుని కారియరు విప్పాడు. వదిన వద్దని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి మెల్లగా తీసేసి ఒక బూరె తిన్నాడు. "గొప్పవాళ్ళ ఇంట్లో తిని వీళ్ళ ఇంట్లో మానేస్తే నేను మనిషినేనా?" అన్నాడు. ఆ తరవాత నన్ను మళ్ళీ పంపలేదు.

ఊళ్ళో అనేవాళ్ళు ఈ సాయంత్రం గురించి చెప్పరు. వాళ్ళకి తెలియదు.

కొన్నేళ్ళు గడిచాయి. అదే రైతు రెండో కూతురి పెళ్ళి వైశాఖంలో, మిట్టమధ్యాహ్నం. చెప్పులు పందిరి బయట వదిలి, ఎండకి కాలిపోతున్న సిమెంటు కళ్ళం మీదుగా ఆకు దాకా నడవాలి. మేమందరం గెంతుతూ వెళ్ళాం. అన్నయ్య ఒక్కడే తల ఎత్తుకుని, ఎప్పటిలాగే నెమ్మదిగా నడిచాడు. "చూశారా, నడకంటే పెదబాబుగారిదండి," అన్నారు ఎవరో. నాకూ గర్వంగానే అనిపించింది.

ఆ రాత్రి చాప మీద తడి చూసి వదిన దీపం దగ్గరికి తెచ్చింది. కుడి అరికాలు బొబ్బెక్కి చిట్లి ఉంది.

"ఇంత కాలితే చెప్పరేంటండీ!"

"నొప్పి లేదే," అన్నాడు అన్నయ్య.

మర్నాడు రాజమండ్రిలో అదే మాట డాక్టరుగారితో అన్నాడు, కొంచెం గొప్పగా కూడా. ఆవిడ పాదం ఒళ్ళోకి తీసుకుని చూస్తూ, తల ఎత్తకుండా అన్నది: "నొప్పి తెలియకపోవడమేనండీ జబ్బు."

పుండు మానలేదు. కాకినాడలో ముందు వేళ్ళు తీశారు, తరవాత పాదం తీశారు. మేకు గుచ్చుకుని చీము పట్టిందని ఊళ్ళో చెప్పాం. కాకినాడ వాళ్ళు మా ఇంటి మగవాళ్ళందరూ పరీక్ష చేయించుకోవాలన్నారు. నేనూ చేయించుకున్నాను. నాకూ గుమ్మం దాకా వచ్చింది. ఆ సంగతి అన్నయ్యకి చెప్పలేదు.

ఆయన వెళ్ళిన ఆఖరి పెళ్ళి మండపేటలో ఒక కళ్యాణమండపంలో. ఒకప్పటి మా మిల్లు కొన్నవాళ్ళ ఇంటి పెళ్ళి. రెండువేలు దాటాక అనుకుంటాను, అప్పుడప్పుడే మా వైపు బఫేలు వస్తున్నాయి. మాకు ఆ సంగతి తెలియదు. లోపలికి వెళ్తే ఆకులు లేవు, వరసలు లేవు. పొడుగాటి బల్లల మీద గిన్నెలు, చేతుల్లో ప్లేట్లతో జనం. అన్నయ్యని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి చేతికర్ర పక్కన ఆనించి, నేనే వెళ్ళి ప్లేటు తెచ్చి ఒళ్ళో పెట్టాను.

ఆయన తినలేదు. అటూ ఇటూ చూస్తున్నాడు. నిలబడి తింటున్నవాళ్ళు, తిరుగుతూ తింటున్నవాళ్ళు, తినేసి వెళ్ళిపోతున్నవాళ్ళు. కొందరు దగ్గరికి వచ్చి "బావున్నారాండీ బాబుగారూ" అని పలకరించి, నములుతూనే వెళ్ళిపోయారు.

"అన్నయ్యా, తిను. ఇక్కడ ఎవరూ ఎవరికోసమూ ఆగరు."

అన్నయ్య నా వైపు చూశాడు. "అందరికీ నెయ్యి పడిందా?" అని అడిగాడు.

పడిందన్నాను.

అప్పుడు స్పూను పక్కన పెట్టి, చేత్తో కాస్త పెరుగన్నం తీసుకుని తిన్నాడు. స్వీటు ముట్టలేదు. ఎవరూ బలవంతం చెయ్యలేదు, వద్దని ఎవరికీ చెప్పాల్సిన పని రాలేదు. డాక్టరుగారు ఏళ్ళ తరబడి బతిమాలిన భోజనం సరిగ్గా అదే. ఆ రోజు తిన్నాడు. ఇంటికి వచ్చేదాకా అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. కారు దిగాక, "ఇంక పిలుపులకి నువ్వు వెళ్ళు," అన్నాడు.

ఆ వర్షాకాలంలోనే పోయాడు. కిడ్నీలు.

పెద్దకర్మ మా ఇంట్లోనే చేశాం. బఫే మాట ఎవరో ఎత్తారు. నేను ఒప్పుకోలేదు. కొబ్బరితోటలో పందిరి వేయించి, బంతులు వేయించాను. అన్నయ్య నడిచిన చార మీదే మొదటి వరస పడింది. మొదటి ఆకు ముందు నేను కూర్చున్నాను. గారెలు, బూరెలు, పప్పు, పనసపొట్టు, పులుసు అన్నీ పడ్డాయి. మా కౌలురైతు, ఇప్పుడు ముసలివాడు, నెయ్యి తనే పోస్తానని పట్టుబట్టి గిన్నె పట్టుకుని వరస చివరి నుంచి పోసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగాడు. బూరెలో గుంట చెయ్యడానికి వంగాడు.

నేను ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాను. వరసంతా నా వైపు చూస్తోంది. పెరటి గుమ్మం పక్కన వదిన నిలబడి ఉంది.

"నాకు షుగరు వచ్చేలా ఉంది. నేను చెయ్యి కలుపుతాను, తినను. మీరు కానివ్వండి," అన్నాను.

చెప్పాక ఏం జరుగుతుందో నాకు తెలియదు. నిజానికి ఏమీ జరగలేదు. ఎవరో "అలాగేనండి" అన్నారు. ఇంకెవరో "మా బావగారికీ ఉందండి, జాగర్తగా ఉండాలండి" అన్నారు. చేతులు అన్నంలోకి వెళ్ళాయి. బంతి మొదలైంది.

ముసలి రైతు మాత్రం నెయ్యిగిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆయన చూపు నా కాళ్ళ మీద పడింది. ఆ తరవాత పందిట్లో పెట్టిన అన్నయ్య ఫొటో వైపు వెళ్ళింది.

"పెదబాబుగారికి కూడా ఇదేనాండీ?"

నేను తలూపాను.

"ఏదో ఉందనుకున్నామండి. తవరు చెప్పందే మేం ఎలా అడుగుతామండీ?" గిన్నె కింద పెట్టేశాడు. "ఈ ముక్క పెదబాబుగారు ఒక్కసారి అనుంటే, ఆ ఆకులో నేను నెయ్యి పోద్దునా బాబూ?"

వదిన లోపలికి వెళ్ళిపోయింది. నేను వెన్ను నిటారుగా పెట్టి, కలిపిన అన్నంలో వేళ్ళు ఆడిస్తూ, వరస చివర ముసలాయన మజ్జిగ తాగి ఆకు మడిచేదాకా కూర్చున్నాను. అప్పుడు లేచాను. నాతో పాటు అందరూ లేచారు.